ఖాళీ గడికి సున్నా

బుధవారం పొద్దున్న పదింటికి కొత్తపేట రోడ్డు మీద నంబరు ప్లేటు లేని లారీ ఒకటి జోజి బైకుని గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. జోజి అమలాపురంలోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సిస్టమ్ అడ్మిన్. స్పృహ తప్పే ముందు అతని ఫోన్ నుంచి ఢిల్లీలోని నిఘా విభాగానికి ఒక మెసేజ్ వెళ్ళింది. "లెక్క మార్చేరు. ఖాళీ గడి చూడండి."

గంట తిరక్కుండా ఏజెంట్ ముత్యాలరాజు ఢిల్లీలో తన చీఫ్ సూర్యప్రకాశరావు ముందు కూర్చున్నాడు.

"ఉప్పలగుప్తం నుంచి అంతర్వేది దాకా రెండొందల పన్నెండు చేపల బోట్లలో 'తీరదర్శి' పెట్టెలున్నాయి. తెలియని ఓడ దగ్గరకొస్తే కూత పెడతాయి. రేపు పదకొండు గంటలకి జోజి ఆఫీసు నుంచి వాటికి కొత్త అప్‌డేట్. అది పడగానే పెట్టెలు మూగబోతాయని అనుమానం. మధ్యాహ్నానికి ఒక ముఠా ఆయుధాల ఓడ ఒడ్డుకి వస్తుంది. దాన్ని చూసిన బోటు ఏదీ తిరిగి రాదు," అన్నాడు చీఫ్.

"అప్‌డేట్ ఇప్పుడే ఆపేస్తే?"

"ఆఫీసులో ఉన్న ముఠా మనిషి జారుకుంటాడు. పట్టుకుని ఆపు. నువ్వు ఎజైల్ కోచ్‌వి, అంటే టీములకి పని పద్ధతి నేర్పేవాడివి. ఫార్ములా ఫీల్డులు, అంటే తమంతట తామే లెక్క కట్టే గడులు, నేర్పడానికి వెళుతున్నావు. ఫార్ములాలు మార్చే అడ్మిన్ పర్మిషన్ ఇప్పించాను. లోపల మనమ్మాయి దుర్గాశ్రీ ఉంది. ప్రాడక్ట్ మేనేజర్."

"నమ్మొచ్చా సార్?"

"రెండేళ్ళుగా మనకి సమాచారం ఇస్తోంది."

అవతలివాళ్ళకి ఎన్నేళ్ళుగా ఇస్తోందో అని ముత్యాలరాజు మనసులో అనుకున్నాడు. అనుమానం అతని వృత్తి. సొంత పెళ్ళిలో వధువు ఆధార్ కార్డు అడిగిన ఘనుడు.

గురువారం తొమ్మిదిన్నరకి అతను అమలాపురం ఆఫీసు మెట్లెక్కాడు. అతికించిన గడ్డం కోనసీమ ఉక్కకి ఒక చెంప దగ్గర ఊడుతోంది. తలుపు దగ్గర బండారులంక నేత చీరలో, నల్ల కళ్ళద్దాలతో ఒకావిడ ఎదురొచ్చింది. ఆ అందానికి ఎవరైనా ఒక నిమిషం తడబడాల్సిందే. ముత్యాలరాజు రెండు నిమిషాలు తడబడ్డాడు.

"రాజోలు బస్సు ఎన్నింటికండీ?" అన్నాడు, కోడ్ మాట.

"వంతెన కట్టేక పడవే నయమండీ," అంది దుర్గాశ్రీ, జవాబు కోడ్. "రండి, కోచ్ గారూ."

స్టాండప్ మీటింగ్ అంటే నిలబడి చేసేది. ఇక్కడ మాత్రం పెద్దవాళ్ళని నిలబెట్టడం మర్యాద కాదని అందరూ కూర్చునే చేస్తున్నారు. ఎవరేం అడిగినా జవాబు ఒకటే, "ఆయ్!" పని అయ్యిందా అంటే ఆయ్, కాలేదా అంటే ఆయ్. ఇంత మర్యాద ఉన్నచోట నిజం ఎవరు చెబుతారని ముత్యాలరాజుకి భయమేసింది.

గోడ మీద తెరలో ప్రాజెక్ట్ బోర్డు కనిపిస్తోంది. ప్రతి టెస్టు పక్కనా 'ప్రమాదం' అని ఒక గడి. టెస్టర్ అందులో సున్నా నుంచి పది దాకా మార్కు వేయాలి. చివర 'విడుదల' అనే గడి ఉంది. దాన్ని ఎవరూ నింపరు. పై మార్కులన్నీ కూడి ఫార్ములాయే నింపుతుంది. మొత్తం అయిదు లోపు ఉంటే 'సిద్ధం', దాటితే 'ఆపు'. పదకొండు కొట్టేసరికి 'సిద్ధం' అని ఉంటే అప్‌డేట్ దానంతటదే వెళ్ళిపోతుంది.

ఇప్పుడు అక్కడ పచ్చగా 'సిద్ధం' అని వెలుగుతోంది. మొత్తం మూడు.

దుర్గాశ్రీ కొబ్బరి బొండం తెచ్చి చేతికిచ్చింది. "ఎండలో వచ్చేరు. తాగండి."

ముత్యాలరాజు బొండాన్ని చూశాడు. కోనసీమలో బొండం మనిషి కళ్ళముందే కొడతారు. ఇది ఎక్కడో కొట్టి, స్ట్రా వేసి మరీ తెచ్చారు. ఆమె అటు తిరగ్గానే కిటికీలోని మొక్కకి పోశాడు. అయిదు నిమిషాల్లో మొక్క తల వాల్చేసింది.

అతనికి గొంతు ఎండిపోయింది. నిజంగా దాహం కూడా వేసింది.

టెస్టుల జాబితా తిరగేశాడు. అరవైమూడు గడుల్లో అంకెలున్నాయి. ఒకటి మాత్రం ఖాళీ. 'తెలియని ఓడ కనబడితే కూత'. టెస్టర్ పేరు హన్నా. మూల బల్ల దగ్గర తలొంచుకుని కూర్చున్న ఆ అమ్మాయి పక్కకి వెళ్ళాడు.

"ఈ టెస్టు చేయలేదామ్మా?"

"చేసేనండీ. కూత రాలేదండి."

"మరి పది వేయలేదేం?"

హన్నా గొంతు తగ్గించింది. "అది మేడం గారు స్వయంగా రాసిన భాగమండి. ఆవిడకి పది వేస్తే ఏం బావుంటుందండీ? వీలు చూసుకుని మెల్లిగా చెబుదామని ఖాళీగా వదిలేనండి. ఖాళీ ఉంటే అదే 'ఆపు' అంటుందని జోజి గారు చెప్పేరండి."

ముత్యాలరాజు గబగబా ఫార్ములా తెరిచాడు. గడి ఖాళీగా ఉంటే సున్నా అని ఉంది. జోజి రాసిన షరతుని ఎవరో వారం కింద మార్చేశారు. అడ్మిన్ లాగ్‌లో మార్చినవారి పేరు దుర్గాశ్రీ.

హన్నా మర్యాదకొద్దీ పది వేయదని ముఠా పందెం కాసింది. పది యాభై రెండు అయ్యింది.

"ఇప్పుడు పది వెయ్యమ్మా!"

"పదిన్నరకే గడులు లాక్ చేసేసేరండి." హన్నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా అన్నయ్య ఫిలిప్ బోటు మీదే ఉన్నాడండి. నా వల్లే..."

గడులు లాక్ అయినా ఫార్ములా అడ్మిన్ చేతిలోనే ఉంటుంది. ముత్యాలరాజు లాప్‌టాప్ తీసి ఖాళీ ఉంటే 'ఆపు' అని టైపు చేశాడు. సేవ్ నొక్కబోయేంతలో టప్పున కరెంటు పోయింది. గోడ మీది తెర ఆరింది, వైఫై పోయింది. మెయిన్ స్విచ్ దగ్గర దుర్గాశ్రీ నిలబడి ఉంది. చేతిలో చిన్న పిస్తోలు.

"కూర్చోండి కోచ్ గారూ," అంది, మర్యాద తప్పకుండా. "అప్‌డేట్ ఉన్నది ఇక్కడ కాదండి. సింగపూర్ సర్వర్లో. మన కరెంటుతో దానికి పనిలేదు."

పది యాభై ఎనిమిది. ముత్యాలరాజు చేతులెత్తాడు. ఎత్తుతూ ఎత్తుతూ బెల్టు బకిల్ నొక్కాడు. బెల్టు వదులైంది, బకిల్‌లోని శాటిలైట్ ఇంటర్నెట్ మోడెం ఆన్ అయ్యింది. ఆకాశం కనబడితే తప్ప పనిచేయదు. కిటికీ రెండడుగుల దూరంలో ఉంది.

"మేడం గారూ!" హన్నా లేచి నిలబడింది. జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ళకి అడ్డొచ్చింది. "ఏమీ అనుకోకండేం," అని బరువైన కీబోర్డు తీసి ఆమె చేతి మీద కొట్టింది.

పిస్తోలు పేలింది. గుండు సీలింగ్ ఫ్యానుకి తగిలింది, పిస్తోలు ఆమె చేతిలోంచి జారి బల్ల కిందకి పోయింది. ముత్యాలరాజు కిటికీకెక్కి, ఒక చేత్తో జారుతున్న ప్యాంటూ ఇంకో చేత్తో లాప్‌టాపూ పట్టుకుని, ముక్కుతో సేవ్ నొక్కాడు. పది యాభై తొమ్మిది, యాభై ఎనిమిది సెకన్లు.

లాప్‌టాప్‌లో విడుదల గడి ఎర్రబడింది. 'ఆపు'.

పదిహేను నిమిషాల్లో కింద డిపార్ట్‌మెంట్ జీపు ఆగింది. బోట్లలో పెట్టెలు కూత పెట్టడంతో కోస్ట్‌గార్డ్ ఆయుధాల ఓడని చుట్టుముట్టింది. ఫిలిప్ బోటు క్షేమం. జోజి కళ్ళు తెరిచాడు. కరెంటు వచ్చింది. దుర్గాశ్రీ చేతులకి బేడీలు పడ్డాయి.

ముత్యాలరాజు గడుల లాక్ తీసి హన్నాని పిలిచాడు. "ఇప్పుడు ఆ పది మార్కులు వేసేయమ్మా. కేసుకి సాక్ష్యం కావాలి."

హన్నా కీబోర్డు ముందు కూర్చుని వేళ్ళు నలుపుకుంది. "మేడం గారు ఎదురుగా ఉండగా ఎలాగండీ?"

"ఆవిడ చేతికి బేడీలున్నాయి తల్లీ!"

"అయినా చూస్తున్నారు కదండీ."

దుర్గాశ్రీని కిందకి దింపారు. జీపు బస్టాండు మలుపు తిరిగిందని కిటికీలోంచి చూసి ఖాయం చేసుకున్నాకే, హన్నా పది వేసింది.