పది కట్టలు ఎక్కువ

కొత్తిమీర తడిసింది. దాన్ని తెచ్చిన రంజిత్ అంతకంటే ఎక్కువ తడిశాడు. మొయినాబాద్ కూరగాయల కలెక్షన్ సెంటర్లో ఆ పొద్దున పొడిగా ఉన్నది ఒక్క శ్రీయే. మేనేజరుగా చేరి వారం కాలేదు. ఆమె మాట కూడా పొడిగానే వచ్చింది.

"తీసుకోం."

"ఏం తీసుకోరు?"

"తడి కొత్తిమీర. ప్యాకెట్లో పెడితే సాయంత్రానికి కుళ్లిపోతుంది. వెనక్కి తీసుకెళ్లండి."

"వాన నేను కురిపించిన్నా మేడం?"

"వాన కురిపించలేదు. టార్పాలిన్ కప్పలేదు."

టార్పాలిన్ ట్రాలీ ఆటోలో సీటు కింద మడతపెట్టే ఉంది. ముడిమ్యాలలో బయల్దేరినప్పుడు ఎండ ఫెళ్లుమని కొట్టింది మరి. దసరా ముందు వానల సంగతి ఎవరు చెప్పగలరు?

"మీదే ఊరు మేడం?"

"కూకట్‌పల్లి."

"అంతకుముందు?"

"అంతకుముందు నేను పుట్టలేదు. అమ్మావాళ్లది భీమవరం."

"గట్లనా. భీమవరంల వాన పడితే కొత్తిమీర ఎండుతదా?"

శ్రీయకు నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. ఆపుకోవడం రంజిత్ చూశాడు. ఆ ఒక్క క్షణం అతను చెప్పులకంటిన బురద చూసుకుంటూ ఉండి ఉంటే, ఆ ఏడాది ముడిమ్యాల ఊరికి ఏ కష్టమూ ఉండేది కాదు.

రంజిత్‌ది ఊళ్లో నిలదొక్కుకున్న ఇల్లు. తండ్రి జనార్దన్ రెడ్డి వచ్చే పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌గా నిలబడాలని కనిపించిన ప్రతివాడికీ నమస్తే పెడుతున్నాడు. కొడుకు డిగ్రీ చదివి, ట్రాలీ కొని, తమ మడిలో కొత్తిమీరతో పాటు ఊళ్లో నలుగురిదీ రోజు విడిచి రోజు మొయినాబాద్ చేర్చేవాడు.

ఆ తర్వాత కొత్తిమీర తడవలేదు. మంచు ఆరాక పీకించి, గోనెపట్టా పరిచి, పైన టార్పాలిన్ కట్టి తెచ్చేవాడు. శ్రీయ ఒక కట్ట తీసి వేళ్లు, ఆకులు చూసి తల ఊపేది. ఆ తల ఊపు కోసం అతను చేవెళ్లలో ఇస్త్రీ చేయించిన చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు.

"కొత్తిమీర దించడానికి ఇస్త్రీ చొక్కానా?" అంది ఒకనాడు.

"కొత్తిమీరకు మర్యాద మేడం."

"ఓహో. మరి నిన్న వంకాయలు తెచ్చినాయన లుంగీ మీద వచ్చాడే?"

"వంకాయకు గంత ఫీలింగ్ ఉండదు."

మర్నాడు శ్రీయ ఫోన్ చేసింది. "రంజిత్ గారూ, ఇకమీదట రోజూ తీసుకురాగలరా? రెండు రోజుల లోడు సగం సగం చేసి. కస్టమర్లు ఫ్రెష్‌గా అడుగుతున్నారు. ఒక పది కట్టలు ఎక్కువే వెయ్యండి."

సగం బండితో రోజూ వెళ్తే డీజిల్ దండగ. ఈ లెక్క రంజిత్‌కు తెలియక కాదు. "గట్లనే మేడం" అన్నాడు. అనేశాక ఫోన్ వంక చూసుకుని నవ్వుకున్నాడు.

మూడో రోజే సంగయ్య పట్టుకున్నాడు. సంగయ్య పొలం రోడ్డు పక్కనే. ఎవరి బండి ఎన్నిసార్లు పోయిందో ఆయనకు తెలియకుండా ఉండదు.

"ఏందిరా, దినాం పోతున్నవ్? ఆర్డర్ పెరిగిందా?"

లేదు కాకా, సగం బండితోనే పోతున్న అని చెప్పొచ్చు. చెబితే, మరెందుకు పోతున్నవ్ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు రంజిత్ దగ్గర ఊళ్లో చెప్పుకునే జవాబు లేదు.

"పెరిగింది కాకా."

"ఎంత?"

"మస్తు."

ఆ ఒక్క మాటే. సంగయ్య అరెకరం కొత్తిమీర చల్లాడు. సంగయ్య చల్లాడంటే ఏదో తెలిసే చల్లాడని ఆయన బావమరిది ఎకరం చల్లాడు. వసంతమ్మ కాస్తున్న వంగతోట దున్నించేసి మరీ చల్లింది. చేవెళ్ల విత్తనాల దుకాణంలో కొత్తిమీర విత్తనం అయిపోయింది. అయిపోయిందని విని, విత్తాలన్న ఆలోచనే లేని ఇంకో నలుగురు శంకర్‌పల్లి దాకా పోయి తెచ్చి చల్లారు. దీపావళి దాటేసరికి ఊళ్లోకి రాకముందే ఊరి వాసన వచ్చేది.

అప్పుడు అర్థమైంది రంజిత్‌కు. ఇంకో వారంలో అందరి మళ్లూ ఒక్కసారే పీకుడుకు వస్తాయి. పీకిన కొత్తిమీర ఒక్కపూట ఆగదు. కొనేవాడు లేకపోతే పశువులకు వెయ్యాల్సిందే. అందరూ విత్తింది అతని మాట మీదే.

"నా ఎలక్షన్ల కొత్తిమీర జల్లినవ్ గదరా" అన్నాడు జనార్దన్ రెడ్డి. అంతకంటే తిట్టలేదు. ఆ తిట్టకపోవడమే రంజిత్‌కు గుచ్చుకుంది.

ఆ రోజు ఇస్త్రీ లేని చొక్కాతో మొయినాబాద్ వెళ్లాడు.

"మేడం, ఆర్డర్ జర పెంచుర్రి."

"ఎంత?"

"ఊరంత."

ఫోన్లో వీడియో చూపించాడు. రోడ్డుకు అటూ ఇటూ పచ్చగా కొత్తిమీర, చూపు ఆనినంత మేర. శ్రీయ ముఖం మారింది.

"ఇంత ఎవరు వెయ్యమన్నారు?"

"మీరే కద, కస్టమర్లు రోజూ ఫ్రెష్ అడుగుతున్నరన్నరు?"

శ్రీయ క్రేటు అంచును గోటితో గీకుతూ నిలబడింది. "కస్టమర్లు అడగలేదు."

"మరెవలు అడిగిండ్రు?"

"నేను."

వెనక ఎవరో క్రేట్లు దబదబా దించుతున్నారు. ఆ చప్పుడు ఆగాక రంజిత్ అడిగాడు.

"మరి గా పది కట్టలు?"

"ఉత్త సగం సగం చేస్తే మీకు అనుమానం వస్తుందని ఆ పదీ వేశాను. నేనే కొనుక్కుని ఇంటికి తీసుకెళ్తున్నాను. నెలన్నర నుంచి మా ఇంట్లో కొత్తిమీర పచ్చడి, కొత్తిమీర అన్నం, కొత్తిమీర కారం. నాన్న లంచ్ బాక్స్ మూత తియ్యడానికే భయపడుతున్నారు."

ఇంకో రోజైతే రంజిత్ ఆ సెంటర్లోనే గంతులేసేవాడు. ఇవాళ ఊరి కొత్తిమీరంతా నెత్తిమీద ఉంది.

"మీరు పదే పెంచిండ్రు మేడం. నేను మస్తు అని చెప్పిన."

"ఎందుకు చెప్పారు?"

"సగం బండితోని దినాం ఎటు పోతున్నవ్ రా అంటే ఏం చెప్పాలె?"

శ్రీయ తలెత్తి చూసింది. ఆ చూపుకు జవాబుగా అతనూ చూశాడు. చెప్పుకోవలసింది అక్కడికి చెప్పుకోవడం అయిపోయింది. పండగ మాత్రం చేసుకోలేకపోయారు.

"పీకారా?" అంది.

"ఇంక పీకలే."

"అయితే ఇంకా దారుంది. మీ ఊళ్లో అందరితో నేను మాట్లాడతాను."

"తిడతరు."

"తిట్టనివ్వండి. తిట్టాక వింటారు."

ముడిమ్యాల రైతు వేదిక హాల్లో జనం కూర్చున్నారు. జనార్దన్ రెడ్డి అందరికీ చాయ్ పోయించాడు, ఎన్నికల అలవాటు. శ్రీయ గోడకు వేలాడుతున్న చర్నాకోల అడిగి తీసుకుంది.

"పిడి దగ్గర మణికట్టు కొంచెం కదిలించండి. కొస ఎంత ఎగురుతుంది?"

"ఎద్దు ఈపు చిట్లుతది" అన్నాడు సంగయ్య.

"మా చదువులో దీన్ని బుల్‌విప్ అంటారు. కొనేవాళ్ల దగ్గర పది కట్టలు పెరుగుతాయి. ఆ మాట ఒక్కో చెయ్యి దాటుతుంటే, ఎందుకైనా మంచిదని ఒక్కొక్కరూ ఇంకాస్త కలుపుతారు. పొలం దాకా వచ్చేసరికి ఎకరాలైపోతుంది. అసలు ఎంత అమ్ముడవుతోందో ఎవరికీ ఎవరూ చెప్పరు."

"సమజైంది బిడ్డా" అంది వసంతమ్మ. "కొస మా ఈపుల మీద పడ్డది. పిడి పట్టిందెవలు?"

శ్రీయ తన చేతిలోని పిడి వంక చూసింది. "నేనే."

"నేను గూడ" అంటూ రంజిత్ లేచి పక్కన నిలబడ్డాడు. "ఆర్డర్ పెరగలే కాకా. నేను అబద్ధం చెప్పిన."

"ఎందుకురా?"

రంజిత్ శ్రీయ వైపు చూశాడు. వేదికంతా శ్రీయ వైపు చూసింది. సంగయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఓరి నీ! గీ పిల్ల కోసం మా ఊరంత పచ్చగ జేసినవారా?"

నవ్వులు లేచాయి. వసంతమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె వంగతోట పోయింది మరి. "నవ్వితే పంట అమ్ముడువోతదా?" అంది.

శ్రీయ చర్నాకోల పక్కన పెట్టింది. "మా సెంటర్ నిజంగా కొనేది ఇంతే" అని ఉన్నదున్నట్టు చెప్పింది. "చేవెళ్ల మార్కెట్, రైతుబజారు కలిపినా అందరిదీ ఒకేసారి పట్టదు. కానీ పీకనంతవరకూ మీ మడే గోదాము. వంతులు పెట్టుకోండి. ముదిరింది ముందు, లేతది వెనక."

"ఆఖరు వంతోనిది పూతకొస్తది" అన్నాడు సంగయ్య.

"రానియ్యి కాకా" అన్నాడు రంజిత్. "పలచగ పీకి మిగిలింది ఇడిస్తే ధనియాలైతయి. ధనియాలు ఇంట్ల ఏడాదుంటయి. నెమ్మదిగ అమ్ముకోవచ్చు."

"చెప్పుడు అల్కగనే ఉంటది. ముంగట ఎవలిది? ఆఖరుకు ఎవలిది?"

"ముంగట వసంతక్కది. ఆఖరుకు మాది. మా మడి మొత్తం ధనియాలకే ఇడుస్త."

తండ్రి వంక చూడకుండా అన్నాడు. జనార్దన్ రెడ్డి కాసేపు మీసం దువ్వుకున్నాడు. "కొడుకు మాటే నా మాట" అన్నాడు చివరికి. ఆ మాటకు ఓట్లు పెరిగాయో తరిగాయో అప్పుడే తేలే సంగతి కాదు.

వంతుల ప్రకారం పీకుళ్లు సాగాయి. అందరికీ అనుకున్న లాభం రాలేదు. ఎవరిదీ పశువుల పాలు మాత్రం కాలేదు. సెంటర్ ఆర్డర్ ఎంతో శ్రీయ ముందురోజే ఊరందరి ఫోన్లకూ పంపేది. లెక్క సరిచేసినప్పుడు తన తప్పూ సరిచేసుకుంది. బండి మళ్లీ రోజు విడిచి రోజే, నిండుగా వెళ్లింది. రోజూ కలిసే వీలు పోయింది. దాని గురించి ఇద్దరిలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

రంజిత్ మడి తెల్లగా పూతకొచ్చిన రోజుల్లో, ఒక సాయంత్రం ఫోన్ మోగింది.

"రేపు లోడు లేదుగా?"

"లేదు మేడం."

"మేడం ఏవిటి? రేపు మా ఇంటికి రా. అమ్మ నిన్ను చూడాలంటోంది."

"ఏమన్న పట్టుకరావాల్నా?"

"చేతులూపుకుంటూ వచ్చినా సరేనంది. కొత్తిమీర మాత్రం తేవద్దంది."

తెల్లారి రంజిత్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బైకు తీశాడు. రోడ్డు పక్క పొలంలోంచి సంగయ్య చెయ్యెత్తి ఆపాడు.

"ఏందిరా, ఇయ్యాల నీ దినం గాదు గద? ఆర్డర్ పెరిగిందా?"

"లేదు కాకా. పిల్లను చూడవోతున్న."

సంగయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"అయితే మేమేం విత్తేది లేదు?"

"ఏం విత్తకుర్రి కాకా."

"పో మరి" అని సంగయ్య దారి వదిలాడు.