నిండుకున్న గది

తన చేత్తో తాళం వేసిన ఆ గదిలో ఒక్క టీకా సీసా కూడా లేదని వేదవల్లి టీచరుకు బాగా గుర్తు. జిల్లా లెక్కలో మాత్రం ఆ రోజు ఆ గది నిండుగా ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నది ఇరవై ఏళ్ళుగా ఆవిడ మోస్తున్న సందేహం. పొద్దున్నే దీపం పెట్టి చేతులు జోడించినప్పుడు అది అప్పుడప్పుడు పైకి వచ్చేది. దేవుణ్ణి అడిగేది గానీ, మనుషుల్ని ఎప్పుడూ అడగలేదు.

2091 జూన్ నెలలో రేవులంక ఊళ్ళో ఎక్కడా మోటారు చప్పుడు లేదు. ఎండతో నడిచే నీటిబస్సు గోదావరికి జానెడు ఎత్తున జారుతూ వచ్చి రేవులో ఆగేది. ప్రతి గుమ్మం పక్కనా గాలిని పరీక్షించే గాజుగుండీ ఒకటి ఉండేది. ఊపిరిజ్వరం క్రిమి గాలిలో తగిలితే ఆ పసుపు గుండీ నీలంగా మారుతుంది. సోమవారం నాడు ఎగువనున్న పట్నంలో గుండీలు నీలమయ్యాయి. రేవులంకకు వారం లోపే వస్తుందన్నారు. బడి మూసెయ్యాలా, తెరిచి ఉంచి పిల్లలకు అక్కడే టీకాలు వెయ్యాలా అన్నది ఈలోగా ఊరు తేల్చుకోవాలి.

ఈ వాదన ఊరికి కొత్త కాదు. 2071లో జ్వరం మొదటిసారి వచ్చినప్పుడు ఇదే బడి హాల్లో మూడు రోజులు వాదించుకున్నారు. చివరికి బడి మూశారు. వారం తర్వాత అదే బడికి టీకాలు వచ్చాయి. పడవలు బాగుచేసే నూకరాజు అప్పుడు పెట్టిన సభలో లేచి, కొత్త మందు గనక పిల్లలకు వెయ్యడానికి ఒక్క వారం ఆగుదామన్నాడు. ఆయనకు తొమ్మిదేళ్ళ కూతురు తరణి ఒక్కతే. ఆ వారంలోనే పిల్లకు జ్వరం తగిలింది. బతికింది గానీ ఊపిరితిత్తుల్లో సగం పనిచెయ్యడం మానేశాయి. నూకరాజు మాత్రం తాను నాలుగో రోజునే మనసు మార్చుకుని పిల్లను బడికి తీసుకెళ్ళాననీ, సీసాలు వచ్చాక రమ్మని గేటుకు కాగితం అంటించి ఉందనీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఆ రోజు సీసాలు నిండుగా ఉన్నాయని జిల్లా లెక్క చెబుతోంది. కాగితం వానకు ఎటు పోయిందో పోయింది. అప్పటినుంచి ఊళ్ళో ఆయన పేరు వారం నూకరాజు. ఆయన మళ్ళీ బడి గడప తొక్కలేదు.

వేదవల్లి ఆ సంగతి నెల తర్వాత విన్నది. తాళం వేసిన సాయంత్రమే ఆవిడకూ జ్వరం వచ్చి, ఆస్పత్రి పడవలో వెళ్ళి నెల్లాళ్ళకు తిరిగొచ్చింది. తాను వెళ్ళాక కొత్త సీసాలు వచ్చి ఉంటాయిలే అనుకుంది. అలా అనుకోవడం సులువుగా ఉంది.

ఆ పిల్ల తరణి ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళ ఇంజనీరు. పక్కటెముకల చుట్టూ శ్వాసపట్టీ కట్టుకుని ఉంటుంది. అది చిన్న గడియారంలా టిక్కుమంటూ ఆమెకు గాలి అందిస్తుంది. ఊరి సభకు సాయంగా ప్రభుత్వం యంత్రాన్ని పంపుతోందని తెలిసి, దానివెంట తానే వస్తానని అడిగి మరీ వచ్చింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. వేదవల్లికి మాత్రం చెప్పింది.

"మా నాన్న అబద్ధమాడాడో లేదో నాకు తెలియాలండి టీచరుగారూ. గేటు దాకా వెళ్ళినట్టు నాకూ గుర్తే. కానీ అది గుర్తో, ఆయన చెప్పగా చెప్పగా నేను కట్టుకున్నదో తెలీదు."

ఆ యంత్రం పేరు ప్రతిదారి. మనం నడిచిన దారి ఒకటే, నడవని దారులు లెక్కలేనన్ని. వాటిలో ఒకదాన్ని పట్టుకుని చివరిదాకా నడిచి చూపించడం దాని పని. శాస్త్రజ్ఞులు దీన్ని అనుకరణ గణన అంటారు, వాడుకలో సిమ్యులేషన్. పాత సిమ్యులేషన్లు జనాన్ని గుంపుగా లెక్కవేసేవి. ప్రతిదారి ఒక్కొక్క మనిషినీ విడిగా నడిపిస్తుంది. నీటిబస్సు టికెట్లు, కుళాయి లెక్కలు, హాజరుపట్టీలు, ఫోన్ల జాడలు, పాత సందేశాలు, ఇలా మిగిలిన ప్రతి ఆనవాలునూ దానికిస్తారు. వాటిలోంచి అది ఆనాటి ఊరిని మళ్ళీ కడుతుంది. కొన్ని నిజాలను కావాలనే దాని కంట పడకుండా దాచిపెడతారు. దాచినవాటిని కూడా అది తప్పు లేకుండా చెప్పగలిగితేనే ఊరు సరిగ్గా కట్టినట్టు. ఆ తర్వాత ఏదో ఒక్క సంగతి మార్చి, ఊరిని మళ్ళీ నడవనిస్తారు. చట్టం పెట్టిన నియమం ఒకటుంది. ప్రతిదారి ఎవరి పేరూ చెప్పకూడదు.

"భగవంతుడు మనకు ఒక్క దారే ఇచ్చాడు కదమ్మా, మిగతావి మనం చూడొచ్చంటావా?" అని వేదవల్లి అడిగింది.

"చూసినంత మాత్రాన నడవలేం కదండీ. చూడ్డమే," అంది తరణి.

గురువారం ఉదయం తొమ్మిదింటికి బడి హాలు నిండింది. ఊరి సభ అధ్యక్షుడు ముక్తేశ్వరరావు ముందు వరుసలో కూర్చున్నాడు. ఆనాడు టీకాల కోసం గట్టిగా నిలబడ్డవాడు ఆయనే, నూకరాజుకు పేరు పెట్టినవాడూ ఆయనే. కూతురు పదిసార్లు అడిగితే నూకరాజు వచ్చాడు గానీ, లోపలికి రాకుండా వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

తరణి కిటికీలు మూయించింది. హాలు నేల మీద ఊరు లేచింది. రేవు, సందులు, కొబ్బరితోటలు, బడి. వాటి మధ్య నువ్వుగింజంత వెలుగులు నాలుగువేల రెండువందలు కదులుతున్నాయి. ఒక్కో వెలుగూ ఒక్కో మనిషి. నీళ్ళు పట్టుకుంటున్నారు, వాకిళ్ళు ఊడుస్తున్నారు, రేవుకు నడుస్తున్నారు. ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కుని, అందులో ఇరవై ఏళ్ళ కిందటి తమ వెలుగును చూసుకున్నారు. వేదవల్లి తనకు తెలియకుండానే చేతులు జోడించింది. లోకాన్ని పైనుంచి చూసేవాడికి ఇలాగే కనిపిస్తుందా అనుకుంది.

తర్వాత జ్వరం వచ్చింది. దీపాలు ఒక్కొక్కటే కొండెక్కాయి. దీపం ఆరిపోయిందని ఆ ఊళ్ళో ఎవరూ అనరు. మొత్తం ముప్ఫై ఒకటి, యంత్రానికి చెప్పకుండా దాచిన లెక్కా అదే. ఏది ఎవరిదో పేరు చెప్పకపోయినా అందరికీ తెలుసు.

తరణి ఆనాటి గురువారం మధ్యాహ్నం మూడు గంటల దగ్గర బొమ్మ వేగం తగ్గించింది. రేవు పక్క ఇంట్లోంచి ఒక పెద్ద వెలుగు, ఒక చిన్న వెలుగు బయలుదేరాయి. చిన్నది మధ్యలో ఆగుతోంది, పెద్దది దాన్ని ఎత్తుకుంటోంది. రెండూ కలిసి బడి గేటు ముందు నాలుగు నిమిషాలు నిలబడి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాయి.

తరణి పట్టీ టిక్కుమనడం వెనక వరుస దాకా వినిపించింది. వరండా మెట్టు మీద నూకరాజు వెనక్కి తిరిగి చూడలేదు.

ముక్తేశ్వరరావు అసలు సంగతికి రమ్మన్నాడు. బడి మూయకపోయి ఉంటే ఎంతమంది పోయేవారని తరణి యంత్రాన్ని అడిగింది. ఇరవై తొమ్మిది అంది. వారం ముందే మూసి ఉంటే? ముప్ఫై. మొదటి రోజే అందరూ టీకాకు ఒప్పుకుని ఉంటే? ఇరవై ఏడు. ఉన్న మూడువందల సీసాలూ ఇంకా ముందే ఖాళీ అయ్యేవి. ఒక్కో అంకెకూ ఒక్కో పక్కనుంచి గొణుగుడు. ఇరవై ఏళ్ళు వాదించుకున్నదంతా ఒకటీ రెండూ దీపాల తేడాలోనే ఉంది.

అప్పుడు తరణి, ఎక్కువమంది బతకడానికి సరిపోయే అతి చిన్న మార్పు ఏదో వెతకమంది. క్షణంలో జవాబిచ్చే యంత్రం ఆరు నిమిషాలు తీసుకుంది.

"ఒక మాట," అంది ప్రతిదారి. "ఆ గురువారం పన్నెండూ పదికి ఈ బడి నుంచి జిల్లాకు వెళ్ళిన సందేశం. 'పిల్లల టీకాలు నిండుకున్నాయి' అని ఉంది. 'అయిపోయాయి' అని ఉంటే సాయంత్రానికి సీసాలు వచ్చేవి. మరణాలు పన్నెండు."

ఆనాడు టీకాలు పంచే ప్రోగ్రామ్ అన్ని ఊళ్ళ సందేశాలనూ చదివి అంకెలుగా మార్చుకునేది. అది తెలుగును పుస్తకాల్లో నేర్చుకుంది, వంటింట్లో కాదు. బియ్యం డబ్బా అడుగు కనబడినప్పుడు ఏ ఇల్లాలూ బియ్యం లేవనదు, నిండుకున్నాయంటుంది. లేదన్న మాట ఇంట్లో పలకకూడదని. ఆ ప్రోగ్రామ్ నిండు అన్న మాట చూసి, రేవులంక గది నిండుగా ఉందని రాసుకుంది. పదకొండు రోజులు ఒక్క సీసా పంపలేదు.

నేల మీద ఊరు మళ్ళీ నడిచింది. ఈసారి పంతొమ్మిది దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. రేవు పక్క ఇంట్లో చిన్న వెలుగు సగం తగ్గలేదు, నిండుగా ఉంది. తరణి పట్టీ మీద చెయ్యి వేసుకుని దానివంకే చూసింది.

కాసేపటికి మాటలు మొదలయ్యాయి. బడి మూయడం దండగని చెప్పలేదా అని ఒక పక్క, సీసాలు ఉంటే బతికేవారని తామెప్పుడో అన్నామని ఇంకో పక్క. ఎవరికి కావలసింది వాళ్ళు యంత్రం నోట విన్నారు. ఆ తర్వాత రెండు పక్కలూ కలిసి ఒకే ప్రశ్నకు వచ్చాయి. రాసిందెవరు? ఇరవై ఏళ్ళుగా వేలు చూపించడానికి ఉన్న మనిషి చేజారిపోయాడు. ఇంకొకరు కావాలి. ముక్తేశ్వరరావు యంత్రాన్నే అడిగాడు.

"పేర్లు చెప్పను," అంది ప్రతిదారి.

ఆ సందేశం వేదవల్లికి గుర్తుంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బడిలో ఆనాడు పనిచేసిన నలుగురిలో ముగ్గురు లేరు. ఇరవై ఏళ్ళు దేవుణ్ణి అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చింది. వచ్చాక దాచుకుంటే ఇక ఏ ముఖంతో దీపం పెట్టాలి?

"నేనే రాశానండి," అని లేచింది. "అశుభం పలకకూడదని అలా రాశాను. గేటుకు కాగితం అంటించిందీ నేనే. నూకరాజుగారు చెప్పింది నిజం. గది ఖాళీ అని నాకు తెలిసీ, లెక్కలో నిండుగా ఎలా ఉందని ఒక్కరినీ అడగలేదు. ఆ మాట తప్పు కాదేమో గానీ, అడక్కపోవడం తప్పే."

వేలెత్తుదామనుకున్న చేతులు దిగిపోయాయి. ఆ హాల్లో ఉన్న సగంమందికి ఆవిడే అక్షరాలు దిద్దించింది. తమ ఇళ్ళల్లోనూ అదే మాట అంటారు. కాసేపటికి ముక్తేశ్వరరావు లేచి, వరండా దాకా నడిచి, నూకరాజు ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మని చెయ్యి చాచాడు. నూకరాజు ఆ చెయ్యి పట్టుకోలేదు. తనంతట తానే లేచి గడప దాటి లోపలికొచ్చాడు.

మధ్యాహ్నానికి ఊరు తేల్చుకుంది. బడి తెరిచే ఉంచుతారు, రేపటినుంచి టీకాలు అక్కడే వేస్తారు. గది తలుపు మీద ఎన్ని సీసాలు ఉన్నాయో అంకెల్లో రాస్తారు.

జనం వెళ్ళాక వేదవల్లి నూకరాజు దగ్గరికి వెళ్ళి క్షమించమంది.

"ఆ కాగితం మీద అక్షరాలు ఎవరివో నాకు అప్పుడే తెలుసండి," అన్నాడు నూకరాజు. "అంత గుండ్రంగా ఈ ఊళ్ళో ఇంకెవరు రాస్తారు? మీరు ఆస్పత్రినుంచి వచ్చాక చెప్తారనుకున్నాను." కాస్త ఆగి, "ఈసారి అయిపోతే, అయిపోయాయనే రాయండి టీచరుగారూ," అన్నాడు.

ఆవిడ తలూపింది. కళ్ళు తుడుచుకుంటుంటే తరణి వచ్చి పక్కన కూర్చుంది.

"నాకూ ఒకటి బాకీ ఉన్నారండి మీరు. పదమూడో ఎక్కం. బడి మూసిన రోజు పన్నెండోది చెప్పి, మిగతాది రేపన్నారు. నాలుగువేల మందిని లెక్కల్లో నడిపిస్తాను గానీ, పదమూడు ఏడ్లు ఎంతంటే ఇప్పటికీ వేళ్ళు చూసుకుంటాను."

ఆ తరగతిలో ఎక్కం ఒక్క గుక్కలో చెప్పాలన్నది నియమం. అంత గుక్క తనకు లేదని తరణి నవ్వింది. ఉన్నంత చెప్పు, తెగినచోట నేనందుకుంటానంది వేదవల్లి.

పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవయ్యారు. ఆవిడ చెబుతుంటే తరణి వెంట అంటోంది. పట్టీ టిక్కుమని తరణి ఆగినప్పుడు టీచరు గొంతు సాగింది. అరవై ఎనిమిదేళ్ళ గొంతు ఆయాసపడి ఆగినప్పుడు తరణి అందుకుంది. పదమూడేడ్లు తొంభై ఒకటి దగ్గర పక్కనుంచి నూకరాజు కూడా కలిశాడు. ఎక్కడా తెగలేదు.

"పదమూడు పదులు నూట ముప్ఫై," అంది తరణి, వేళ్ళు చూసుకోకుండా.