మూడోసారి ఆగిన స్కూటర్

"మళ్లీ ఆగిపోయిందండీ!"

వానలో తడిసి ముద్దయి, స్కూటర్ తోసుకుంటూ షెడ్డులోకి వచ్చాడు లైబ్రరీ అబ్బాయి. మెకానిక్ అమ్మాయి గుండె ఝల్లుమంది. పొద్దున్నుంచీ అతనికోసమే వీధివైపు చూస్తోంది. కానీ ఇలా ఆగిన బండితో కాదు.

"రెండు వారాల్లో మూడోసారి! నామీద పగబట్టారా?"

"మీ చెయ్యి పడితేగానీ స్టార్ట్ అవదండీ, ఏం చెయ్యను?"

లోపల నాన్న దగ్గాడు. ఒకే బండి ఒకే జబ్బుతో మూడుసార్లు వస్తే షెడ్డు తాళాలు తిరిగి ఇచ్చెయ్యాలి. అది ఆయన పెట్టిన షరతు. ఆర్నెల్లుగా ఒక్క మాట పడకుండా నెట్టుకొచ్చింది, ఇవాళ ఈ మహానుభావుడు తయారయ్యాడు.

కాలుకాలిన పిల్లిలా బండి చుట్టూ తిరిగింది. ప్లగ్గు బాగుంది. కార్బురేటర్ మొన్ననే కడిగింది. చివరికి ట్యాంకులోంచి పెట్రోల్ సీసాలోకి పట్టి వెలుతురులో పెట్టింది. కింద రెండు వేళ్ల మందాన వేరే పొర!

"పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది కదా, కాసిని నీళ్లయితే కలిపేసుకుంటుంది. ఎక్కువైతే పెట్రోల్‌ని వదిలేసి ఆ నీళ్లతోపాటు అడుక్కి దిగుతుంది. ఇంజిన్‌కి ముందు అందేది ఆ అడుగుదే. వానకి ట్యాంకులో ఇన్ని నీళ్లు పడవు. ఎవరు పోశారు?"

అతను బూట్లవైపు చూసుకున్నాడు.

"మొదట చెంచాడే పోశానండీ. బండి ఆగలేదు. అందుకని గ్లాసుడు..."

"ఎందుకు?!"

"బాగున్న బండితో వచ్చి మిమ్మల్ని ఏమని పలకరించను?"

"మీ పలకరింపుకి నా షెడ్డు పోతోంది, తెలుసా?"

అతని మొహం పాలిపోయింది. సీసా అందుకుని తిన్నగా నాన్న ముందు నిలబడ్డాడు.

"నీళ్లు పోసింది నేనండీ. ఆవిడ పనిలో ఏ వంకా లేదు. ఆవిడంటే నాకు ఇష్టం ఉంది, బుద్ధే లేదు."

నాన్న సీసానీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. "ఆ ట్యాంకు నువ్వే కడుగు. అమ్మాయ్, తాళాలు నీ దగ్గరే ఉంచుకో."

కడగడం అయ్యాక, "వారందాకా ఈ ఛాయలకి రాకండి" అంది ఆమె.

రెండో రోజుకే ఆమెకి చేతిలో స్పానర్ నిలవలేదు. వీధిలో ఏ స్కూటర్ చప్పుడైనా తల అటే తిరిగేది. నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఎనిమిదో రోజున స్కూటర్ హాయిగా వచ్చి ఆగింది.

"ఏమైంది బండికి?"

"ఏం కాలేదండీ, బాగుంది. వారం అయిందిగా, అందుకని..."

ఆమె స్పానర్ బల్లమీద విసిరింది.

"నేను వారమంటే మాత్రం, నిజంగానే వారం ఉండిపోతారా?"