ఇరవై రెండో ఎపిసోడ్‌లో తింగరి

ఆ రోజు పొద్దున్న ఆ ఇంట్లో కాఫీ రెండుసార్లు పొంగిపోయింది. మొదటిసారి అమ్మ హడావిడి వల్ల, రెండోసారి అక్క పరధ్యానం వల్ల. సాయంత్రం నాలుగింటికి ‘ఆరుగురూ అద్దెకే’ చివరి ఎపిసోడ్ షూటింగ్. రెండు వందలమంది ప్రేక్షకులు ఎదురుగా కూర్చుని చూస్తుండగా తీసే కామెడీ సీరియల్ అది. ఒకే భవనంలో అద్దెకుంటున్న ఆరుగురి కథ. రాసేది అక్క. అందులో తింగరి వేషం వేసేది చెల్లెలు.

“ఆఖరి సీను ఇంకా రాయలేదటే?” అమ్మ స్టవ్ తుడుస్తూ అడిగింది.

“అయిపోతుందమ్మా. నువ్వు కంగారుపడి నన్ను కంగారుపెట్టకు.”

“నాకేం కంగారు? నేను చీర కూడా తీసి పెట్టుకున్నాను. మొదటి వరసలో కూర్చుంటాను, ముందే చెప్తున్నా.”

అక్క భోజనాల బల్ల మీద పెద్ద చార్టు పరిచింది. ఆఫీసు గోడ మీద ఉండేదాన్ని చివరి సీను కోసం ఇంటికి తెచ్చుకుంది. ఆరు వరసలు, ఒక్కో వరసలో ఇరవై రెండు గళ్లు. ఏ ఎపిసోడ్‌లో ఎవరు ఎలా మారారో అందులో రంగు పెన్సిళ్లతో రాసి ఉంది. ఎవరినీ గడప తొక్కనివ్వని డ్రిల్లు మాస్టారు పదో ఎపిసోడ్‌కల్లా అందరికీ టీ పెట్టి ఇస్తున్నాడు. నలుగురిలో నోరు పెగలని పళ్ల డాక్టరు పద్దెనిమిదో ఎపిసోడ్‌లో పక్క వాటాలో ఉండే ల్యాబ్ అమ్మాయికి మనసులో మాట చెప్పేశాడు. పొద్దస్తమానం కీచులాడుకునే మొగుడూ పెళ్లాలు ఇప్పుడు ఒకే పక్షాన నిలబడి పక్కవాళ్లతో కీచులాడుతున్నారు.

చెల్లెలు తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చి చార్టు మీదికి వంగింది. చివరి వరస ఆమెది. ఇరవై రెండు గళ్లలోనూ ఒకటే మాట ఉంది. ‘తప్పు తలుపు.’

“అక్కా, ఇదేనా నా వరస?”

“ఆఁ. ముట్టుకోకు, చేతులు తడిగా ఉన్నాయి.”

“అందరూ మారారు. మాస్టారు కూడా నవ్వడం నేర్చుకున్నాడు. నేను మాత్రం ఇరవై ఒక్కసార్లు ఎవరిదో తలుపు తోసి ‘అయ్యో, ఇది మా ఇల్లు కాదా?’ అన్నాను. ఇవాళ ఇరవై రెండోసారా?”

“జనం దానికే పడి పడి నవ్వుతున్నారు కదే! నవ్వేదాన్ని ఎందుకు కెలకడం? ప్రతి కథలోనూ ఒకరు అలా ఉండాలి.”

“ప్రతి ఇంట్లోనూ కూడానా?”

అక్క పెన్సిల్ కింద పెట్టింది. “ఏమైందే నీకు పొద్దున్నే?”

“షూటింగ్ అయ్యాక చెప్దామనుకున్నాను. ఇప్పుడే చెప్పేస్తాను. వచ్చే సీజన్‌లో నేనుండను. నాటక బృందంలో చేరుతున్నాను. ఏడాదిపాటు ఊరూరా తిరిగి ప్రదర్శనలు. సరేనన్నాను.”

“ఎవర్ని అడిగి?”

“నన్ను నేనే అడిగాను.”

“నవ్వులాటగా ఉందా? ఒక్కదానివి ఏడాదిపాటు ఎలా నెగ్గుకొస్తావు? రైలెక్కమంటే ఎదురు రైలు ఎక్కే దానివి!”

“అది నువ్వు రాసిన పిల్ల అక్కా! ఏడో ఎపిసోడ్‌లో ఎక్కింది. నేనెప్పుడు ఎక్కాను, చెప్పు?”

అక్క వేళ్లు మడిచి లెక్కపెట్టబోయింది. ఎంత గాలించినా ఒక్క రైలూ జ్ఞాపకం రాలేదు.

“అది కాదే, నువ్వు చిన్నప్పటినుంచీ...”

“చిన్నప్పుడు చిన్నదాన్నే. ఇప్పుడు నాకు ఇరవై ఏడు.” చెల్లెలు తువ్వాలు భుజాన వేసుకుంది. “నువ్వు నన్ను పెంచావు, కాదనను. నాన్న పోయాక నా ఫీజులూ, నా జడలూ అన్నీ నువ్వే చూశావు. కానీ ఎక్కడో ఒక చోట ఆపేశావు అక్కా. అక్కడినుంచి నేను ఎదగడం నీకు కనబడలేదు.”

అమ్మ స్టవ్ ఆపేసింది. “చిన్నదానా, ఇక చెప్పేస్తానే.”

“వద్దమ్మా.”

“నువ్వు ఊరుకో. పెద్దదానా, నువ్వు వేరే షూటింగ్ అని పొరుగూళ్లో పదిహేను రోజులున్నప్పుడు నా కంటి ఆపరేషన్ జరిగింది కదా. నన్ను ఎవరు చూసుకున్నారనుకున్నావు?”

“పిన్ని.”

“పిన్ని జ్వరమొచ్చి మంచమెక్కింది. సంతకాలు పెట్టింది ఇది. డాక్టరుతో మాట్లాడింది ఇది. రోజుకి ఆరుసార్లు చుక్కల మందు గడియారం చూసుకుని మరీ వేసింది ఇది. నీకు చెప్తే రాసేది వదిలేసి పరిగెత్తుకొస్తావని నాచేత ఒట్టేయించుకుంది.”

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు తువ్వాలు కుర్చీ మీద పడేసి లోపలికెళ్లిపోయింది. అక్క చార్టు చుట్టేసి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయటపడింది.

స్టూడియోలో అప్పటికే గోల గోలగా ఉంది. రోడ్డు వెడల్పు కోసం ఆ భవనాన్ని పడగొడతామని అధికారి రావడం, ఆరుగురూ అతన్ని ఒప్పించడం, ఇదీ ఆఖరి సీను. పళ్ల డాక్టరు చేత పెద్ద ఉపన్యాసం ఇప్పిద్దామని అక్క ఎప్పుడో అనుకుంది. మూడుసార్లు రాసింది. మూడుసార్లూ చప్పగా వచ్చింది.

“మేడమ్, రెండున్నర అయింది!” డైరెక్టరు తలుపులోంచే అరిచాడు. “కెమెరాలు రెడీ, లైట్లు రెడీ, జనం గేటు దగ్గర రెడీ. లేనిదల్లా మీ కాగితాలే!”

“ఒక్క గంట ఇవ్వండి సార్.”

“అరగంట!”

అక్క కాగితాలు పట్టుకుని మేకప్ గదికి పరిగెత్తింది. చెల్లెలు సగం మేకప్‌తో అద్దం ముందు కూర్చుని ఉంది.

“సీను రావడంలేదే,” అంది అక్క ఆయాసపడుతూ. “నాకు తింగరి గురించి ఏమీ తెలియదు. నీకు తెలుసు. నువ్వే చెప్పు.”

చెల్లెలు అద్దంలోంచే ఆమెను చూసింది. తన కథలో ఒక్క మాట మార్చమన్నా ఒప్పుకోని అక్క. పొద్దుటి కోపం ఇంకా చెల్లెలి మొహంలో ఉంది కానీ, పెదవి చివర ఏదో కదిలింది.

“అక్కా, ఆ ఆరుగురిలో అందరి ఇళ్లలోకీ వెళ్లింది ఎవరు?”

“ఎవరు?”

“నేనే! ఇరవై ఒక్కసార్లు తప్పు తలుపు తీసింది నేనేగా? ఎవరి గదిలో ఏముందో, ఎవరు ఒంటరిగా ఏం చేస్తుంటారో నాకు తప్ప ఎవరికి తెలుసు?”

అక్క పక్కనున్న కుర్చీ లాక్కుంది. “ఆగు, ఆగు... మళ్లీ చెప్పు!”

ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ, పౌడరు డబ్బాలు పక్కకు నెట్టి రాసుకుపోయారు. కాగితం అయిపోతే టిష్యూ డబ్బా అట్ట చింపి రాశారు. మేకప్ ఆవిడ బ్రష్షు పట్టుకుని “తల్లీ, కనుబొమ్మ ఒక్కటే అయింది!” అని మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

నాలుగింటికి లైట్లు వెలిగాయి. అధికారి వేషధారి వచ్చాడు. మాస్టారు దబాయించాడు, డాక్టరు తడబడ్డాడు, మొగుడూ పెళ్లాలు ఒకేసారి అరిచారు. అంతలో తింగరి తప్పు తలుపులోంచి ఊడిపడింది. హాలు ఘొల్లుమంది.

“నువ్వెవరమ్మా? ఎన్నో నంబరు ఇల్లు?” అధికారి అడిగాడు.

“నాకెప్పుడూ గుర్తుండదండీ. అందుకే అన్ని ఇళ్లలోకీ వెళ్లాను.” మళ్లీ నవ్వులు. ఆమె నవ్వలేదు. “మూడో నంబరు మాస్టారు రేడియో పెద్దగా పెడతారు. వార్తల కోసం కాదు, ఇంట్లో ఒక మనిషి గొంతు ఉంటుందని. ఈ మొగుడూ పెళ్లాల కీచులాట వినబడకపోతే ఆయనకి నిద్ర పట్టదు. డాక్టరుగారు అద్దం ముందు నిలబడి రోజూ ‘నమస్కారం’ అనడం ప్రాక్టీసు చేసేవారు. ల్యాబ్ అమ్మాయి గోడ అవతల నిలబడి దానికి మెల్లిగా ‘నమస్కారం’ అనేది. ఆయనకి ఇంతవరకూ తెలియదు.”

హాల్లో నవ్వులు సద్దుమణిగాయి. తెర వెనక అక్క చేతిలోని అట్టముక్క చూసుకుంది. రాసింది అక్కడితో అయిపోయింది. కానీ చెల్లెలు ఆగలేదు.

“ఇళ్లంటే ఎక్కడైనా కడతారు సార్. ఇంత పల్చటి గోడలు మళ్లీ కట్టగలరా?”

 చప్పట్లు విరుచుకుపడ్డాయి. అందరికంటే ముందు లేచి నిలబడింది మొదటి వరసలో అమ్మ. ఆ వెనక రెండు వందలమందీ లేచారు.

డైరెక్టరు కాళ్లు నేలమీద ఆనలేదు. “వచ్చే సీజన్ అంతా తింగరి మీదే! మేడమ్, మీరు చెప్తే మీ చెల్లెలు కాదనదు. ఒప్పించండి!”

“అడగాల్సింది నన్ను కాదు సార్,” అంది అక్క. “ఆమెని అడగండి.”

చెల్లెలు గిరుక్కున తిరిగి చూసింది. అక్క కళ్లు తుడుచుకుంటోంది.

“ఏడాది ఆగగలరా సార్?” అంది చెల్లెలు.

“ఏడాదా?” డైరెక్టరు తల పట్టుకున్నాడు. జుట్టు పీక్కుంటూనే, క్యాలెండరు తీసుకురమ్మని ఎవరికో చెప్తూ వెళ్లాడు.

సెట్టులోని మెట్ల మీద అక్క కూలబడింది. చెల్లెలు పక్కనే కూర్చుంది. “కోపంగా ఉందా?” అని అడిగింది.

“నా మీద నాకే ఉంది. ఆ ఆస్పత్రిలో ఒక్కదానివే... భయం వేయలేదుటే?”

“చచ్చేంత వేసింది.”

అక్క ఆమెను గట్టిగా దగ్గరికి లాక్కుంది. చెల్లెలి మేకప్పూ, ఇద్దరి కన్నీళ్లూ భుజాలకి అంటుకున్నాయి. కాసేపటికి అక్క ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

“సరే గానీ, మొదటి ప్రదర్శన ఏ ఊళ్లోనే?”

చెల్లెలు మొదలుపెట్టింది. ఊళ్లు, వేషాలు, బస్సు, బృందంలో గురక పెట్టే ఆవిడ, అన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. లైట్లు ఒక్కొక్కటే ఆర్పేస్తున్నారు. అక్క ఒక్క మాట కూడా అడ్డం చెప్పకుండా వింటూ కూర్చుంది.