పసుపు పువ్వు వెనక నల్ల మొహం

నా మొహాన్ని నేను చాలా శ్రద్ధగా కాపాడుకుంటాను. నా కోసం కాదు, రోజూ దాన్ని చూడాల్సిన వాళ్ళ మీద జాలితో. అంత దయగల మొహం కూడా, వీధి చివర మూతపడ్డ అద్దాల దుకాణం దగ్గరికొస్తే పక్కకి తిరిగిపోతుంది.

లోపల ఒక్క అద్దమూ మిగల్లేదు. అయినా రాత్రిళ్ళు ఎవరో తల దువ్వుకుంటూ కనబడతారట. కుక్కలు సైతం రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోతాయి.

మా బావ ఫొటోగ్రాఫరు. అడవిపూల పిచ్చి. ఒక్కో పువ్వుకి రెండు ఫొటోలు — మన కంటికి కనబడేది ఒకటి, అతినీలలోహిత కాంతిలో తేనెటీగ కంటికి కనబడేది ఇంకొకటి. మనకి ఒట్టి పసుపుగా ఉన్న పువ్వు, రెండోదాంట్లో నడుమ నల్లటి వలయంతో తేలుతుంది. ఆయన పుస్తకానికి ఒక్క పువ్వే తక్కువ. అది ఆ దుకాణం ప్రహరీ లోపల, గోడ పక్కనే పూసింది. తెల్లారితే మున్సిపాలిటీ వాళ్ళు పిచ్చిమొక్కలన్నీ పీకేస్తారు.

ఆ రాత్రి ఏం జరిగిందో బావ చెప్పినట్టే చెబుతున్నాను.

మొదటి ఫొటో తీశాడు. పువ్వు, వెనక గోడ. అంతే. లెన్సుకి నల్లటి ఫిల్టరు తగిలించి రెండోది నొక్కాడు. ఫ్లాష్ వెలిగింది... గోడ అవతల ఏదో ధబేల్మంది. కెమెరాలో చూసుకున్నాడు —

గోడ మీద బొగ్గులాంటి మొహం. కళ్ళ చుట్టూ తెల్లటి సున్నాలు.

ఇంటికెలా వచ్చిపడ్డాడో ఆయనకే తెలీదు.

"మరి పువ్వో?" అంది అక్క మెల్లగా.

"గాలికి ఊగి ఫొటోలో చెదిరిపోయింది. మళ్ళీ తియ్యాలి... చచ్చినా వెళ్ళను."

"ఏడాదిగా వెతికారు కదండీ! పొద్దున్నే పీకేస్తారు."

"పీకనీ." కెమెరా నా చేతిలో పెట్టేశాడు.

నేను ఫొటో చూశాను. చటుక్కున కెమెరా కింద పెట్టేశాను. ఎందుకంటే... భోజనానికి బావని పిలుచుకు రమ్మని అక్క పంపింది నన్నే. గేటు దాటే ధైర్యం లేక, ఇటుకలెక్కి గోడ మీంచి తొంగిచూశాను. ఏదో తళుక్కుమంది. కిందపడి, లేచి, ఒకటే పరుగు!

"అక్కా... నేను నిలబడ్డది సరిగ్గా అక్కడే! అంటే అది... నాలోంచి తొంగిచూసిందన్నమాట!"

అక్క ఫొటో వంక చూసింది. నా వంక చూసింది. దగ్గరికొచ్చి నా చెంప వాసన చూసింది.

"ఏం రాశావురా?"

"సన్‌స్క్రీన్..."

"రాత్రిపూటా?"

"వెన్నెల బాగా కాస్తోంది కదా..."

బావ తల పట్టుకున్నాడు. ఆ క్రీము అతినీలలోహిత కాంతిని మింగేస్తుందట. మామూలుగా కనబడదు, ఆ ఫొటోలో మాత్రం మసి పూసినట్టే.

"లే, దెయ్యమా! వచ్చి టార్చి పట్టు."

ముగ్గురం వెళ్ళాం. పువ్వు దక్కింది, పుస్తకమూ వచ్చింది.

కళ్ళు మండకుండా ఆ క్రీము కళ్ళ చుట్టూ ఎలా రాసుకోవాలో మాత్రం నాకింకా తెలీదు.