ఎల్లారెడ్డికి దూరం

శైలేందర్ గీసిన చార్టు ముందు నిలబడి సింధూజ నవ్వింది. కామారెడ్డి డిగ్రీ కాలేజీలో, ఎకనామిక్స్ సెమినార్ రోజున, క్లాసంతా చూస్తుండగా.

"ఏందిది? గల్ఫ్‌ల పెట్రోల్ ఒడిసిపోతున్నదా?"

చార్టులో చమురు ఉత్పత్తి ఏటేటా తగ్గుతోంది. నిజానికి పెరగాలి. తన బాపు కువైట్ నుంచి తెచ్చిన చమురు కంపెనీ క్యాలెండర్‌లోని గ్రాఫ్ చూసి శైలేందర్ దాన్ని గీశాడు. అరబ్బీ గ్రాఫులో సంవత్సరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అతను గీతను ఉన్నదున్నట్టు దించి, సంవత్సరాలు మాత్రం ఎడమ నుంచి రాశాడు.

"అరబ్బీ గ్రాఫ్‌ను మీ భిక్నూర్ల గిట్లనే చదువుతరా?" అంది సింధూజ.

"మీ ఎల్లారెడ్డోళ్లకు అరబ్బీ గూడ వస్తదా?" అన్నాడు శైలేందర్.

"మా బాపు గూడ ఆడనే ఉన్నడు. మా ఇంట్ల గూడ గదే క్యాలెండర్."

లెక్చరర్ చార్టు తీసేయమన్నారు. సింధూజ దాన్ని చుట్టి చంకలో పెట్టుకుంది.

"తప్పు చార్టు నీకెందుకు?" అన్నాడు శైలేందర్.

"పెట్రోల్ తగ్గితే కంపెనీ బందైతది. కంపెనీ బందైతే బాపు ఇంటికొస్తడు. నాకు గీ గ్రాఫే మంచిగున్నది."



ఆ వానాకాలమంతా సాయంత్రాలు బస్టాండులో గడిచాయి. భిక్నూర్ బస్సు ముందు వచ్చేది. శైలేందర్ ఎక్కేవాడు కాదు. వాన పెద్దదైతే ఇద్దరూ మిర్చి బండి మీద కప్పిన పరదా కింద నిలబడేవాళ్లు.

"నీ బస్సు ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

"రష్ ఉన్నది."

"సీట్లన్నీ ఖాళీగున్నయి గదా!"

"గందుకే. ఒక్కన్నే ఎట్ల పోవాలె?"

ఆమె మొహం తిప్పుకుని నవ్వేది. ఎల్లారెడ్డి బస్సు కదిలాక కిటికీలోంచి ఒకసారి చూసేది.

డిగ్రీ అయ్యాక అతనికి కువైట్ వీసా వచ్చింది. అదే పరదా కింద చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"గల్ఫోన్ని నేను చేసుకోను. ఎదురుచూసుడు ఎట్లుంటదో మా అమ్మను చూసిన. మొత్తానికే వాపస్ వస్తే అప్పుడు మాట్లాడు."

అతను వెళ్లాడు.

కొన్నేళ్లు గడిచాయి. సింధూజ ఎల్లారెడ్డిలో ఒక స్కూల్లో సోషల్ టీచరైంది. వాళ్ల బాపు రాజలింగు కువైట్‌లో ఉద్యోగం మానుకుని ఇల్లు చేరాడు. ఒక సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక, బోర్డు మీది చమురు గ్రాఫ్ తుడుస్తూ ఆమె తలుపు వైపు చూసింది. శైలేందర్ నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసింది.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లను ఆ ఊళ్లలో ముందు అడిగేదే ఆమె అడిగింది.

"రెణ్నెల్ల చుట్టీ మీద వచ్చినవా, మొత్తానికే వచ్చినవా?"

అతను సుద్దముక్క తీసుకున్నాడు. నిలువు గీత గీసి, పక్కన 'ఎల్లారెడ్డికి దూరం' అని రాశాడు. అడ్డగీత కింద 'ఏండ్లు' అని రాశాడు. మూడో గీత పైన మొదలై, దిగి, అడ్డగీతను ఆనుకుని సాగింది.

సింధూజ చూసింది. "ఏ దిక్కు నుంచి చదవాలె? కుడి నుంచి చదివితే మళ్ల పోతున్నట్టే ఉన్నది."

శైలేందర్ అడ్డగీత కింద సంవత్సరాలు వేశాడు, ఎడమ నుంచి.

"ఈడనే ఏసీ రిపేర్ షాపు పెడుతున్న" అన్నాడు, గీతను పొడిగిస్తూ. బోర్డు అయిపోయింది. అతని చెయ్యి ఆగలేదు.

"ఓయ్, గోడ మీద గియ్యకు. సున్నం నువ్వే ఎయ్యాల్సొస్తది."

"ఏస్త. ఎప్పుడు రమ్మంటవ్?"

"ముందుగాల ఇంటికి రా" అంది సింధూజ, అతని చేతిలోంచి సుద్ద తీసుకుంటూ. "బాపు ఇంట్లనే ఉన్నడు."