తల్లి భాష పిలిచిన మధ్యాహ్నం

ఉన్ అనే బస్తీలో ఆ ఇంటి కింది భాగమంతా సాంచాల కార్ఖానా. బట్ట నేసే ఆ యంత్రాల మోతకు పైగదిలో గిన్నెలు కూడా వణికేవి. కరోనా వచ్చిన ఏడాది ఆ మోత ఆగింది, షట్టర్‌కు తాళం పడింది. జ్వరమొచ్చిన కొడుకునూ కోడలినీ క్వారంటైన్‌కు తీసుకుపోయాక పైగదిలో సమ్మక్క, మనవరాలు తేజశ్రీ మిగిలారు.

సమ్మక్కకు మాటలు జారిపోతున్నాయి. మొన్న ఉప్పు పేరు తోచక “ఆ తెల్లది” అంది. పిల్ల పేరు కూడా ఎప్పుడో ఒకనాడు ఇలాగే పోతుందేమోనన్న భయం ఎవరికీ చెప్పలేదు. ఆ భయంతోనే పిల్ల ఆటకు ఒప్పుకుంది. ఆటంటే, కొత్త భాషలు పుట్టించడం.

“ఇవి అక్కాచెల్లెళ్ళు నానమ్మా. అక్క ఊపిరి వదులుకుంట మాట్లాడుతది, చెల్లె పీల్చుకుంట. నీళ్ళను అక్క ‘సిహూ’ అంటది, చెల్లె ‘హిసూ’ అంటది. రెండిట్లనూ ముందు పని చెప్పాలె, మనిషి పేరు ఆఖరుకు.”

“మరి వీళ్ళ తల్లేదే?”

“తల్లి భాష ఇంకా చెయ్యలే.”

“తల్లికంటే ముందే బిడ్డలు పుట్టిన్రా! మంచిగుందే నీ ఖాన్దాన్!”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదిగా ఆగింది. నేల సందుల్లోంచి మాడిన నూనె వాసన పైకొచ్చింది. దాని వెనకే ఒక గొంతు.

“సిహిసూ...”

ఊపిరి వదులుతున్నట్టు. పీలుస్తున్నట్టు. రెండూ ఒకేసారి.

తేజశ్రీ మొహం పాలిపోయింది. “నానమ్మా... గిది తల్లి భాష. రెండూ కలిస్తే గిట్లనే ఉండాలె. కానీ నేను చెయ్యలే...”

సాంచాల నడుమ బతికిన మనిషి సమ్మక్క. అక్కడ కేక వినబడితే పలికి తీరాలి. పలకలేదంటే చెయ్యి బెల్టులో పడిందని అందరూ పరుగెత్తుకొస్తారు. తలచుకునేలోపే నోరు పలికేసింది.

“ఊ!”

ఎదురుగా బిందె. అందులో ఉన్నదాని పేరు... లేదు.

“బిందెల ఉన్నదాన్ని ఏమంటరే?”

“నీళ్ళు, నానమ్మా.”

చెప్పినా ఆ మాట పరాయిదానిలాగే వినబడింది.

కింద మరో పిలుపు. వేరే మాట. “ఊ!” మళ్ళీ పలికింది. బయటికి పోయేదాని వైపు చూసింది. గడియ ఉంది, చెక్క ఉంది. పేరు లేదు.

పిల్లకు అర్థమైపోయింది. రెండు చేతులతో ఆమె నోరు మూసింది. “చుప్... పలికితే మాట తీస్కుంటది.”

ఈసారి గొంతు మెట్ల కిందికి వచ్చింది. మాట తర్వాత మాట.

“‘రా’ అంటున్నది...” పిల్ల గుసగుసలాడింది. “‘కిందికి’ అంటున్నది... పేరు ఇంకా...”

ఆగింది. మెట్ల కింది నుంచి ఆ గొంతు ఆఖరి మాట పలికింది.

“తేజశ్రీ.”

సమ్మక్క గొంతులో ‘ఊ’ ఉబికి వచ్చింది. పలికితే ఈ పేరు కూడా పోతుంది. పిల్ల చేతులు తప్పించి కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పళ్ళ కింద బట్ట చిరిగింది.

పలకలేదు.

ఫ్యాను కదిలింది. వాసన పోయింది. కళ్ళు తెరిచేసరికి పిల్ల ఒళ్ళో ఉంది, ఆమె గుండెల్లో మొహం దాచుకుని. సమ్మక్క పిల్ల పేరు వెతుక్కుంది. ఉందా... పోయిందా...

“తేజశ్రీ!”

ఉంది! పోలేదు! ఆమెకు ఏడుపొచ్చింది.

“నానమ్మా...” కింద, తాళం పడిన షట్టర్ లోపలి నుంచి చిన్న గొంతు. “నేను కార్ఖానాల ఉన్న. చీకటుంది. జర తాళం తియ్యవా...”

ఒళ్ళో ఉన్నది తల ఎత్తలేదు. నిమ్మళంగా బరువెక్కుతోంది.